తగ్గిన బరువు మళ్లీ రాకుండా: ఊరి క్లినిక్‌లో గ్రూపు పెట్టి నడిపే పద్ధతి

బరువు ఎలా తగ్గాలో చెప్పేవాళ్లకి మన డెల్టాలో కొదవ లేదు. యూట్యూబ్‌లో ఒకాయన చెబుతాడు, జిమ్‌లో ఇంకొకాయన చెబుతాడు, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చుని మన విస్తరికేసి చూస్తూ ఒక పెద్దమ్మగారు చెబుతారు. తగ్గినవాళ్లు ఏడాది తర్వాత ఎలా ఉన్నారని అడిగేవాళ్లే దొరకరు. నిజానికి ఊరికి దగ్గరగా ఉండే ఆరోగ్య కేంద్రం చేయగలిగిన పని అదే, పెద్దాసుపత్రి చేయలేనిదీ అదే.

ఇది పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో), విలేజ్ క్లినిక్‌లలో (ఇప్పుడు బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉంటుంది) పనిచేసే డాక్టర్లు, సీహెచ్‌వోలు (విలేజ్ క్లినిక్ నడిపే ఆరోగ్య అధికారులు), ఏఎన్ఎంలు (ఊరి నర్సులు), ఆశా అక్కల కోసం, వాళ్లకి చేదోడుగా ఉండే డ్వాక్రా లీడర్ల కోసం రాస్తున్నాను. బరువు తగ్గించే గ్రూపు గురించి కాదు. ఇప్పటికే తగ్గినవాళ్లని అక్కడే నిలబెట్టే గ్రూపు గురించి. రెండూ వేరు వేరు పనులు. కలిపి నడిపితే రెండోది ఎప్పుడూ మూలన పడుతుంది, ఎందుకంటే నిలబడటంలో చప్పట్లు కొట్టడానికి ఏమీ ఉండదు.

ముందు ఇది అర్థమైతేనే మిగతాది

బరువు తిరిగొచ్చినవాళ్లని "నోరు కట్టుకోలేకపోయారు" అనడం మనకి అలవాటు. క్లినిక్‌లో కూడా అదే మాట వినిపిస్తుంది, కాస్త మర్యాదగా. కానీ ఒంట్లో జరిగేది వేరు. ఆస్ట్రేలియాలో 50 మందికి 10 వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించి, ఏడాది తర్వాత మళ్లీ రక్తపరీక్షలు చేశారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ లాంటి హార్మోన్లు ఏడాది గడిచినా పాత స్థితికి రాలేదు, ఆకలి ఎక్కువగానే ఉంది. ఇంకో లెక్క ప్రకారం ఒక్కో కిలో తగ్గినప్పుడు శరీరం రోజూ ఖర్చు పెట్టేది 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీలు పెరుగుతుంది. అంటే 6 కిలోలు తగ్గినావిడకి రోజూ 600 కేలరీల దాకా అదనపు ఆకలి వెంటపడుతూ ఉంటుంది. బయటికి చూస్తే ఆవిడ హాయిగా ఉన్నట్టే ఉంటుంది.

ఈ ముక్క మొదటి మీటింగ్‌లోనే సభ్యులకి చెప్పాలి. తప్పు తమది కాదని తెలిశాకే కాటా ఎక్కడానికి సిగ్గు పోతుంది.

గ్రూపు వల్ల ఉపయోగం ఉందా అంటే ఉంది, కానీ మాయాజాలం కాదు. ఇంగ్లండ్‌లో ఊరి డాక్టర్ల ద్వారా 1,267 మందిని మూడు రకాలుగా విడదీసి చూశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చిన్న సలహా, ఒక పుస్తకం ఇచ్చి పంపినవాళ్లు రెండేళ్ల తర్వాత సగటున 2.3 కిలోలు తక్కువ ఉన్నారు. 12 వారాలు గ్రూపుకి పంపినవాళ్లు 3 కిలోలు, ఏడాది పాటు పంపినవాళ్లు 4.3 కిలోలు. తేడా తెచ్చింది ఎక్కువ కాలం కలిసి ఉండటం. అందుకే నా సలహా మొదటే చెప్పేస్తాను: మూడు నెలల కార్యక్రమం పెట్టే ఆలోచన ఉంటే అసలు మొదలుపెట్టకండి. కనీసం ఏడాది.

మెట్టు 1: ఎవర్ని చేర్చుకోవాలి

మన శరీరాలకి లెక్కలు వేరని తెలిసిందే. భారతీయులకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నాటి లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా బీఎంఐ 25 దాటినవాళ్లే, అంతర్జాతీయంగా అధిక బరువుకి పెట్టుకున్న గీత అదే. కాబట్టి మనుషులు దొరకరన్న బెంగ అక్కర్లేదు.

ఈ గ్రూపులోకి మాత్రం అందరూ కాదు. గత ఏడాది రెండేళ్లలో తమ బరువులో కనీసం 5 శాతం కావాలని తగ్గినవాళ్లు రావాలి. 80 కిలోల మనిషి అయితే 4 కిలోలు. ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల) స్క్రీనింగ్ రికార్డుల్లో పాత బరువు ఉంటుంది, పక్కన ఇప్పటి బరువు వేసుకుంటే లిస్టు తయారవుతుంది.

"కావాలని" అన్న మాట దగ్గర ఆగండి. ప్రయత్నించకుండానే బరువు తగ్గితే అది సంబరపడే విషయం కాదు. దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగర్ చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే టీబీ పరీక్ష. థైరాయిడ్ కూడా. వీళ్లని ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. గర్భిణులు, బాలింతలు ఈ గ్రూపులో వద్దు. తిని కావాలని వాంతి చేసుకునే అలవాటు ఉన్నవాళ్లని కాటాల గ్రూపులో కూర్చోబెడితే హాని జరుగుతుంది, వాళ్లకి వేరే సాయం కావాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు చేరవచ్చు, తప్పకుండా చేరాలి. కాకపోతే బరువు తగ్గాక, తిండి మారాక, నడక పెరిగాక పాత డోసే కొనసాగితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలకీ ఇదే సంగతి. చేరే ముందు మెడికల్ ఆఫీసర్ మందుల చీటీ ఒకసారి చూడాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు, పొద్దున్నే కాలవ గట్టు మీద ఒక మనిషి కళ్లు తిరిగి పడకుండా ఉండటానికి.

మెట్టు 2: చోటు, వేళ, ఎంతమంది

10 నుంచి 15 మంది. అంతకు మించితే సగం మంది మాట్లాడరు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా పెడితే మన ఊళ్లలో మాటలు బాగా వస్తాయి. భార్యాభర్తలు ఒకే గ్రూపులో ఉంటే అత్తగారి వంట గురించి ఎవరూ నిజం చెప్పరు.

చోటు క్లినిక్‌లోనే ఉండాలని లేదు. అంగన్‌వాడీ, సచివాలయం హాలు, రామాలయం అరుగు, ఏదైనా సరే, కాటాకి చదునైన గచ్చు, చాటుగా నిలబడటానికి ఒక కర్టెన్ ఉంటే చాలు. వేళ మాత్రం ఊరి పనిని బట్టి పెట్టాలి. రొయ్యల చెరువుల ఊళ్లో మేత వేసే వేళకి మీటింగ్ పెడితే ఎవరూ రారు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో కూలికి వెళ్లేవాళ్లకి రాత్రి ఏడు తర్వాతే వీలవుతుంది. లంక గ్రామాలైతే జులై, ఆగస్టుల్లో వరదొచ్చి దారి మూసుకుపోతుంది, ఆ రెండు నెలలూ ఫోన్ మీదే నడపాలని ముందే అనుకోండి. అప్పటికప్పుడు అనుకుంటే గ్రూపు అక్కడే చెదిరిపోతుంది.

మనకున్న పెద్ద అదృష్టం ఏమిటంటే, మన ఆడవాళ్లకి గ్రూపు నడపడం ఎవరూ నేర్పక్కర్లేదు. డ్వాక్రా సంఘంలో క్రమం తప్పని సమావేశం, ప్రతిసారీ కొంత పొదుపు, అందరి ముందూ రాసే పుస్తకం, వాయిదా తప్పితే ఇంటికెళ్లి పలకరించడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేస్తున్నారు. బరువు గ్రూపుని అచ్చం అలాగే నడపండి. లీడరు, రెండో లీడరు వాళ్లలోంచే రావాలి. మనం లెక్కలు చూసే మనిషిగా పక్కన కూర్చోవాలి.

మెట్టు 3: కాటా, పుస్తకం, మూడు రంగులు

గ్రూపు బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

ఒక్క డిజిటల్ కాటా, ఎప్పుడూ అదే, అదే గచ్చు మీద. చెప్పులు విప్పి, సెల్‌ఫోన్, తాళాల గుత్తి పక్కన పెట్టి ఎక్కాలి. మీటింగ్ ఏ వేళకైతే ఎప్పుడూ ఆ వేళకే. బరువు పైకి చదవకూడదు. ఇది రాసి గోడకి అంటించినా తప్పు లేదు. కర్టెన్ వెనక ఒక్కొక్కళ్లూ ఎక్కుతారు, ఏఎన్ఎం పుస్తకంలో రాస్తుంది, ఆ మనిషికి మాత్రమే చూపిస్తుంది. "ఈ నెల మొదటి బహుమతి ఎవరికో" అనే పోటీలు పెట్టేవాళ్లున్నారు, దయచేసి పెట్టకండి. నిలబెట్టుకునే దశలో పోటీ పెడితే మీటింగ్‌కి ముందు రోజు అన్నం మానేసి వచ్చేవాళ్లు తయారవుతారు.

ఇక రంగులు. ఇది నా సొంత ఐడియా కాదు. అమెరికాలో, అంతకు ముందు రెండేళ్లలో తమ బరువులో కనీసం 10 శాతం తగ్గిన 314 మందితో చేసిన పరిశోధనలోది, 2006లో వచ్చింది. గ్రూపులో చేరిన రోజు బరువు మన గీత. ఆ గీత మీద ఒకటిన్నర కిలో లోపు ఉంటే ఆకుపచ్చ. ఒకటిన్నర నుంచి రెండు కిలోల పావు వరకు పసుపు. 2.3 కిలోలు, ఆపైన పెరిగితే ఎరుపు. ఆకుపచ్చలో ఉన్నవాళ్లని మెచ్చుకోవాలి, ఉన్నది ఉన్నట్టు కొనసాగించమనాలి. పసుపులోకి వస్తే ఏం మారిందో వెతకాలి. ఎరుపైతే బరువు తగ్గిన రోజుల్లో ఏం చేశారో ఆ పాత పద్ధతికి వెంటనే వెళ్లాలి.

ఆ పరిశోధనలో ఏ సాయమూ లేకుండా ఉత్తరాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 72 శాతం మంది 18 నెలల్లో 2.3 కిలోలు, అంతకంటే ఎక్కువ పెరిగారు. ఎదురెదురుగా కలిసిన గ్రూపులో 46 శాతం. ఇంటర్నెట్ ద్వారా కలిసినవాళ్లలో 55 శాతం. వాట్సాప్ గ్రూపు ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోవచ్చా అని అడిగేవాళ్లకి ఈ మూడు అంకెలు చూపించండి.

రంగుల వల్ల మేలు ఏమిటంటే, మాట్లాడుకోవడానికి కిలోలు అక్కర్లేదు. "నేను పసుపండి ఈసారి" అంటే చాలు, ఎంత బరువో బయటపడదు.

ఇంట్లో కాటా ఉన్నవాళ్లు రోజూ పొద్దున కాలకృత్యాలయ్యాక చూసుకోవచ్చు. ఒక కిలో అటూ ఇటూ ఊగడం మామూలే, ముందు రోజు ఆవకాయ, ఎండు చేపలు ఎక్కువ తిన్నా నీరు పట్టి పెరుగుతుంది, నెలసరి ముందూ పెరుగుతుంది. రోజూ చూస్తే టెన్షన్ వచ్చేవాళ్లు వారానికోసారి చూసుకోవాలి, వాళ్లని రోజూ చూడమని బలవంతపెట్టకండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రెండు మూడు రోజుల్లో బరువు బాగా పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరు దగ్గరికి.

నడుము కొలత మూడు నెలలకోసారి చాలు.

మెట్టు 4: ఎన్నిసార్లు కలవాలి

మొదటి నెల వారం వారం. రెండో నెల నుంచి ఆర్నెల్ల దాకా పదిహేను రోజులకోసారి. తర్వాత నెలకోసారి, మధ్యలో ఒక ఫోన్. ఫోన్ పదిహేను నిమిషాలు మించక్కర్లేదు. 1,032 మందితో 2008లో వచ్చిన మరో అమెరికా పరిశోధనలో, నెలకోసారి అలా చిన్న ఫోన్, అప్పుడప్పుడూ ఒక ముఖాముఖి ఉన్నవాళ్లు 30 నెలల్లో 4 కిలోలు తిరిగి పెరిగారు. ఎవరూ పలకరించనివాళ్లు 5.5 కిలోలు. కిలోన్నర తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఖర్చు చూడండి, ఆశా అక్క ఫోన్‌లో పది నిమిషాలు.

మెట్టు 5: ఒక మీటింగ్ ఎలా నడుస్తుంది

గంట, గంటంబావు. మొదటి పావుగంట కాటా, బీపీ. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కళ్లూ రంగు చెప్పి, పోయిన మీటింగ్‌లో అనుకున్న ఒక్క పని ఏమైందో చెబుతారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఒక విషయం మీద చేతులతో చేసే పని ఏదైనా. ఆఖర్న ప్రతి మనిషీ వచ్చేసారికి ఒక పని అనుకుని పుస్తకంలో రాయించుకోవాలి.

ఉపన్యాసం వద్దు. చార్టులు చూపించి విటమిన్ల గురించి చెప్పడం మొదలుపెడితే రెండో వారానికి సగం మంది ఉండరు, ఉన్నవాళ్లు సీరియల్ టైము చూసుకుంటూ ఉంటారు. నడిపేవాళ్లు తక్కువ మాట్లాడటమే దీనిలో కష్టమైన పని. ఇలా సాగాలి:

"ఈసారి పసుపండి. ఏం చెయ్యను, అమ్మాయి పురిటికి వచ్చింది, వంటంతా దానికోసమే."

"అలాగాండీ పిన్నిగారూ. మరి అమ్మాయికి వండిందాంట్లో మీరు ఎప్పుడు తింటున్నారు, దాంతో పాటా, తర్వాతా?"

"తర్వాతే. మిగిలింది పారేయలేను కదా."

ఇక్కడ మనం ఆగిపోవాలి. "మిగిలింది తినకండి" అని మనం చెబితే ఆ మాట గాలికి పోతుంది. పక్కనున్నావిడ "వదినా, నేనైతే ముందు నా కంచం వేరే పెట్టేసుకుంటా, మిగిలింది రాత్రికి ఫ్రిజ్‌లోకే" అంటే అది నిలుస్తుంది. పిన్నిగారు రాయించుకునే పని కూడా అంత చిన్నదిగానే ఉండాలి: వచ్చేసారి దాకా తన కంచం ముందే వడ్డించుకోవడం. "నోరు అదుపులో పెట్టుకుంటాను" అని రాయించుకుంటే ఒప్పుకోకండి, అది పని కాదు.

ఒక నియమం మాత్రం గట్టిగా: ఇక్కడ విన్నది రేవు దగ్గర చెప్పకూడదు. మన ఊళ్లలో ఒకసారి ఈ నమ్మకం పోతే ఆ మనిషి మళ్లీ రాదు.

మెట్టు 6: అన్నం సంగతి

డెల్టాలో అన్నం తగ్గించమని చెప్పడం తేలిక, వినేవాళ్లు ఉండరు. కాలవలు పారేదే దానికోసం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకి బియ్యం, గోధుమ, అట్లపిండి, రవ్వ అన్నీ కలిపి 250 గ్రాములు, అదీ వండక ముందు తూకం. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, పప్పులు 85. చిన్న కాయం ఉండి ఎక్కువగా కూర్చుని ఉండే ఆడవాళ్లకి ఆ 2,000 కూడా ఎక్కువే.

ఈ అంకెలు చదివి వినిపిస్తే లాభం లేదు. ఒక మీటింగ్‌కి వండిన అన్నం, వంటింటి కాటా తెప్పించండి. ఎవరి కంచంలో వాళ్లు రోజూ పెట్టుకునేంత పెట్టుకుని తూచుకోవాలి. వండిన అన్నం 100 గ్రాములకి ఇంచుమించు 130 కేలరీలు. కంచంలో 400 గ్రాములు కనిపిస్తే 520. లెక్క వాళ్లే వేసుకుంటారు, మనం నోరు తెరవక్కర్లేదు.

అసలు చిక్కు అన్నం ఒక్కసారి పెట్టుకోకపోవడంలో ఉంది. మన భోజనానికి వరస ఉంది: పప్పూ నెయ్యి, తర్వాత కూరో వేపుడో, తర్వాత పులుసు లేదా చారు, చివర పెరుగు. వరసలో ప్రతిదానికీ కొత్త అన్నం. అందుకే "సగం తినండి" అంటే ఎవరికీ కుదరదు, సగం ఎక్కడ అవుతుందో తెలియదు. దీనికి మా గ్రూపుల్లో బాగా పనిచేసిన పద్ధతి, వరసలో ఒక మజిలీకి మాత్రమే అన్నం తీసేయడం. కూర ఉత్తిదే తినేయొచ్చు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, కంద బచ్చలి, ఇవి అన్నం లేకుండా కూడా దిగుతాయి. చారు గ్లాసులో తాగొచ్చు. పెరుగన్నం మానమంటే మాత్రం గొడవలవుతాయి, దాని జోలికి వెళ్లకండి.

కడుపు నిండి ఉండాలంటే మాంసకృత్తులు కావాలి, దానికి మనకంటే అదృష్టవంతులు ఎవరు? చేపలు, రొయ్యలు, గుడ్లు, పెసలు, మినుములు, పెరుగు అన్నీ ఇంటి ముందుకే వస్తాయి. చేప పులుసు పెట్టినా, ఆవిరి మీద ఉడికించినా మంచిదే, వేపుడైతే నూనె సంగతి చూడాలి. పులస గురించి అడుగుతారు. తినండి. ఆ ధరకి ఎవరూ అతిగా తినలేరు.

నూనెకి చిన్న కిటుకు. పైన చెప్పిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకి 27 గ్రాములు. నెలకి చూస్తే దాదాపు 900 మిల్లీలీటర్లు, నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు. చెంచాలతో కొలవమంటే ఎవరూ కొలవరు, కిరాణా చిట్టా పట్టుకు రమ్మనండి. నెలకి ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో అందులోనే ఉంటుంది.

కొబ్బరి కోనసీమలో కూర, పచ్చడి, లౌజు అన్నింటిలోకీ వెళుతుంది. పచ్చి కొబ్బరి 100 గ్రాములకి 350 కేలరీల దాకా ఉంటాయి. మానేయమనడం లేదు, పచ్చడి గిన్నె పక్కన పెట్టుకుని ఇడ్లీ కంటే అదే ఎక్కువ తినేవాళ్లకి మాత్రం చెప్పాలి. అలాగే టీ. రెండు చెంచాల పంచదార, రోజుకి నాలుగు టీలు, అక్కడికే 160 కేలరీలు.

మెట్టు 7: నడక

మామూలు ఆరోగ్యానికి వారానికి 150 నిమిషాలు అంటారు. తగ్గిన బరువు నిలబడాలంటే అది చాలదు, 200 నుంచి 300 కావాలి. రోజుకి నలభై నిమిషాలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే సరిపోతుంది. చాలా బరువు తగ్గి ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నవాళ్ల పేర్లు 1994 నుంచి అమెరికాలో ఒక రిజిస్ట్రీలో నమోదు చేస్తున్నారు, వాళ్లలో చాలామంది సగటున రోజుకి గంట వ్యాయామం చేసేవాళ్లే.

కాలవ గట్లు దీనికోసమే ఉన్నట్టుంటాయి. కానీ తెల్లవారకముందు వెళ్లేవాళ్లు టార్చి లేకుండా వెళ్లకూడదు, పాములుంటాయి. వానాకాలం గట్టు బురదైతే స్కూలు గ్రౌండు. హైవే పక్కన నడవద్దు. ఎండాకాలం ఏడు లోపు ముగించాలి. షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదు, గుళ్లో ప్రదక్షిణలకి కూడా పొద్దున్నే నేల చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి, ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకోవాలి.

ఒకప్పుడు వ్యవసాయమే వ్యాయామం. ఇప్పుడు కోతలకి మిషన్లొచ్చాయి, నాట్ల కొద్ది వారాలు తప్ప మిగతా ఏడాది ఒళ్లు కదలడం తక్కువ. "నేను రైతుని, నాకు నడకెందుకు" అనే పెద్దాయన దగ్గర వాదన పెట్టుకోకుండా పోయిన వారం చేలో ఏం పని చేశారో రోజువారీగా చెప్పమనండి. చాలాసార్లు బైకు మీద గట్టుదాకా వెళ్లి చూసి వచ్చినట్టు తేలుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పది సార్లు, రోజుకి రెండు విడతలు. కండ తగ్గకుండా ఉండటానికి ఇది అందరికీ మంచిదే.

మెట్టు 8: పండగల కేలెండర్ ముందు పెట్టుకోండి

మనవైపు బరువు రోజూ కొంచెం కొంచెం పెరగదు, విడతలుగా పెరుగుతుంది. ఆషాఢం సారెలు, శ్రావణం పేరంటాలు, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి, ఆపైన పెళ్లిళ్లు, మామిడి పళ్లు. ఏడాది మొదట్లోనే తెలుగు కేలెండర్ తెచ్చి ఈ తేదీలకి వారం ముందొకటి, వారం తర్వాతొకటి మీటింగ్ పడేలా చూసుకోండి. సంక్రాంతికైతే భోగికి ముందు ఒకసారి కాటా, కనుమ, ప్రభల తీర్థం అయ్యాక వారంలోపు ఇంకోసారి. పండగ వారంలో తగ్గాలని ఎవరికీ లక్ష్యం పెట్టకండి. ఆకుపచ్చలో తిరిగొస్తే గొప్ప.

సారె వచ్చిన ఇంట్లో కాజాలు, లడ్డూలు, పూతరేకులు, అరిసెలు బిందెల లెక్కన ఉంటాయి. ఊరంతా పంచాక కూడా మిగులుతాయి. ఆ మిగిలినవే కొంప ముంచేది, పంచిన రోజున తిన్న రెండు కాదు. మూడో రోజుకి ఇంట్లో డబ్బా ఉండకూడదని గ్రూపులో ఒప్పందం చేసుకున్నవాళ్లున్నారు, స్కూలు పిల్లలకి ఇచ్చేస్తారు.

ఇంకో పెద్ద చిక్కు మర్యాద. గోదావరి జిల్లాలో వడ్డించేవాళ్ల చేతిని ఆపడం అంత తేలిక కాదు. "వద్దండి" అంటే "మొహమాటపడకండి" అంటారు. "షుగరండి" అంటే ఓదార్పు మొదలవుతుంది, ఒక్కటే కదా అని వేస్తారు కూడా. అందుకే ఒక మీటింగ్ మొత్తం దీనికే పెట్టండి. ఇద్దరు వడ్డించేవాళ్లు, మిగతావాళ్లు వద్దనేవాళ్లు. నవ్వులతో ఇల్లెగిరిపోతుంది కానీ పనికొచ్చే మాటలు అందులోంచే వస్తాయి: మొదటే చిన్న ముక్క అడిగి పెట్టించుకోవడం, విస్తరిలో ఉన్నది పూర్తి చేయకుండా కొంచెం ఉంచడం, "ఇది పొట్లం కట్టండి, పిల్లలకి పట్టుకెళ్తాను" అనడం. కొత్తల్లుళ్లకి మాత్రం నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

కార్తీకంలో ఉపవాసాలుంటాయి. షుగర్ మందులు వేసుకునేవాళ్లు డాక్టరుని అడగకుండా ఉపవాసం ఉండకూడదు. మిగతావాళ్లకి ఉపవాసం కంటే రాత్రి విడిచేటప్పుడు తినే పులిహోర, గారెలే బరువు మీద ఎక్కువ ప్రభావం చూపిస్తాయి.

మెట్టు 9: ఎరుపులోకి వెళ్లినవాళ్లతో

రెండు రోజుల్లోపు ఫోన్ వెళ్లాలి, వచ్చే మీటింగ్ దాకా ఆగకూడదు. తిట్టడానికి కాదు. మూడు ప్రశ్నలు చాలు. ఈ నెలలో ఇంట్లో ఏం మారింది? నిద్ర ఎలా ఉంది? కొత్త మందులేమైనా మొదలయ్యాయా? స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు బరువు పెంచుతాయి. అలాంటిది ఉంటే మందు మానేయమనకూడదు, డాక్టరుతో మాట్లాడించాలి.

ఏమీ లేకపోతే మూడు నాలుగు వారాల పాటు పాత పద్ధతి: తిన్నది రాసుకోవడం, వారానికి రెండుసార్లు కాటా, నడక మళ్లీ లెక్కపెట్టుకోవడం. గ్రూపులోంచి ఒకరు జోడీగా ఉండి రోజూ కలిసి నడవాలి. గీత కిందికి రాకపోయినా, పెరగడం ఆగితే అదే మొదటి గెలుపు.

ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడి ఆపేసినవాళ్లు కూడా వస్తున్నారు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద చేసిన పరిశోధనలో ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. వాళ్లని "డబ్బులు తగలేశారు" అనకుండా మొదటి రోజు నుంచే వారం వారం చూడాలి. ఆపాలా కొనసాగించాలా అన్నది రాసిన డాక్టరు చూసుకునే విషయం.

మెట్టు 10: రావడం మానేసినవాళ్లు, ఏడాది తర్వాత

రెండు మీటింగ్‌లకి రానివాళ్లు చాలావరకు బరువు పెరిగినవాళ్లే. కాటాకి మొహం చూపించలేక ఆగిపోతారు. వాళ్లకి "కాటా ఎక్కక్కర్లేదు, వచ్చి కూర్చోండి" అని చెప్పి పిలవండి, అలా వచ్చినవాళ్లు రెండో మూడోసారికి వాళ్లే ఎక్కుతారు.

మెడికల్ ఆఫీసర్‌కి మూడు నెలలకోసారి ఒక్క పేజీ చాలు: ఎంతమంది చేరారు, ఎంతమంది వస్తున్నారు, ఎన్ని ఆకుపచ్చ, ఎన్ని పసుపు, ఎన్ని ఎరుపు, బీపీ షుగర్ మందులు ఎంతమందికి మారాయి. మానేసినవాళ్లని లెక్కలోంచి తీసేయకండి, తీసేస్తే ఫలితం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, నిజం కాదు. కిలోలు కదలకపోయినా నిరాశ అక్కర్లేదు. చెన్నైలో షుగర్ వచ్చే ముప్పు ఉన్నవాళ్లమీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లకి షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. పెద్దస్థాయి ఉదాహరణ కావాలంటే, 5,145 మంది షుగర్ పేషెంట్లతో అమెరికాలో నడిచిన కార్యక్రమంలో ఎనిమిదేళ్లు గడిచాక కూడా, గట్టిగా సాయం అందిన వర్గంలో సగం మంది 5 శాతం, అంతకంటే ఎక్కువ బరువు తక్కువగానే ఉన్నారు.

ఏడాది అయ్యాక గ్రూపు మూసేయకండి. లీడర్ల చేతిలో పెట్టి, కాటా అక్కడే ఉంచి, మీరు రెండు నెలలకోసారి వెళ్లండి. కొత్త బ్యాచ్‌కి పాతవాళ్లలోంచి ఇద్దర్ని పంపండి, చెప్పడానికి కాదు, కూర్చోవడానికి. కాటా బ్యాటరీలు మాత్రం ఒక జత ఎప్పుడూ బీరువాలో ఉంచుకోండి.